మేడ మెట్లు కిర్రుమంటున్నాయి, రెయిలింగ్ ఊగుతోంది: పాలిష్ కంటే ముందు ఏం చేయాలి?

మీరు చెప్పినది ఇదీ: నలభై ఏళ్ల నాటి టేకు మెట్లు పదిహేను, పైన ఎనామిల్ రంగు. నాలుగైదు మెట్లు కిర్రుమంటున్నాయి, రెయిలింగ్ పట్టుకుంటే ఊగుతోంది. రంగు గీకించి పాలిష్ పెట్టించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

రంగు జోలికి ఇప్పుడే వెళ్లకండి. కదిలే చెక్క మీద ఎంత ఖరీదైన పాలిష్ వేసినా అతుకుల దగ్గర గీత గీసినట్టు పగులుతుంది, ఆ పగుల్లోకి తడిబట్ట నీళ్లు దిగుతాయి. ముందు కదలిక ఆపండి.

అంతకన్నా ముందు అట్టడుగు మెట్టు, పక్క దూలాలు నేలకు ఆనే చోటు చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి చెక్క టకటకమంటుంది, చెదలు తిన్నది డొల్లగా పలుకుతుంది. మొనతో పొడిస్తే సులువుగా దిగిపోతే అక్కడ లప్పం, ఫిల్లర్ పనికిరావు. పాడైన మేరకు కోసి కొత్త టేకు ముక్క అతకాల్సిందే. దూలం బరువు మోసే భాగం కాబట్టి ఆ ఒక్క పనీ వడ్రంగికే వదలండి.

ఇక కిర్రు. చెక్క ఎండాకాలంలో ఆరి కుంచించుకుంటుంది, మేకు పట్టు వదులవుతుంది. కాలు వేసినప్పుడల్లా మెట్టు పలక కిందికి దిగి, రెండు మెట్ల మధ్య నిలువు పలకకో మేకుకో రాసుకుని అరుస్తుంది. ఒకరు మెట్ల మీద నెమ్మదిగా నడుస్తుంటే ఇంకొకరు కింద టార్చి పట్టుకుని చూడాలి. ఎక్కడ సందు తెరుచుకుని మూసుకుంటోందో కనబడుతుంది, అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి.

కింద నుంచి చెయ్యి పట్టే వీలుంటే పైన ఒక్క రంధ్రం కూడా చేయనక్కర్లేదు. సందులో దుమ్ము దులిపి, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, తుడవకపోతే జిగురు సరిగ్గా పట్టదు. తర్వాత నీటికి ఆగే రకం ఫెవికాల్ రాసిన పల్చటి చెక్క చీలను చేత్తో దూర్చి, సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయండి, చాలు. గట్టిగా కొడితే పలక పైకి లేచి పక్క మెట్టు కిర్రుమనడం మొదలవుతుంది. పలక, నిలువు పలక కలిసే మూలలో రెండంగుళాల చెక్క దిమ్మలు రెండు జిగురుతో పెట్టి స్క్రూలు బిగించండి. ఒక రోజంతా ఆ మెట్టు మీద కాలు వేయొద్దు.

కింద సీలింగ్ మూసేసి ఉంటే పై నుంచే బిగించాలి. 8 నంబరు స్టెయిన్‌లెస్ స్క్రూలు, రెండున్నర అంగుళాలవి, ఒక్కో చోట రెండు, ఒకదానికొకటి ఎదురుగా వాలేలా. పలకలో 4.5 మిల్లీమీటర్ల రంధ్రం, కింది చెక్కలో 3 మిల్లీమీటర్లది వేయండి. రెండు చోట్లా ఒకే సైజు వేస్తే మర పలకను కిందికి లాగదు, సందు సందులాగే ఉంటుంది. స్క్రూకు సబ్బు రాస్తే టేకులోకి విరగకుండా దిగుతుంది. తల దిగేంత గుంట తీసి, పైన టేకు బిరడా జిగురుతో కొట్టి, ఆరాక ఉలితో సమానం చేయండి. బిరడా చార, అంటే చెక్కలోని సహజ గీతలు, మెట్టు చార వైపే తిప్పి పెడితే కంటికి ఆనదు.

రెయిలింగ్ ఊగితే చాలామంది సన్న కడ్డీలకు మేకులు కొడతారు. అది తప్పు. ఊపు దాదాపు ఎప్పుడూ మొదటి స్తంభం దగ్గరే పుడుతుంది. దాన్ని విడిగా పట్టుకుని ఊపి చూడండి. దాని అడుగుభాగం కదిలితే 10 మిల్లీమీటర్ల బోల్టుతో పక్క దూలానికి లాగి బిగించాలి. కింద రాయో కాంక్రీటో ఉంటే యాంకర్ బోల్టు, ఎల్ ఆకారపు ఇనుప పట్టీ వాడాలి. స్తంభం నిలిచాకే కడ్డీల సంగతి. వదులైన కడ్డీ చివర పాత జిగురు గీకేసి అరాల్డైట్ పెట్టండి. విరిగినదైతే మధ్యలో 8 మిల్లీమీటర్ల చెక్క పుల్ల దూర్చి అతకండి. పిల్లలున్న ఇల్లైతే కడ్డీల మధ్య నాలుగంగుళాలకు మించి సందు ఉంచకండి.

ఇప్పుడు రంగు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90, దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఎనామిల్ అంతకు ముందుది కావచ్చు కాబట్టి సీసం ఉందనే అనుకుని పని చేయండి. పొడిగా ఉప్పు కాగితం పట్టి దుమ్ము లేపొద్దు, రంగును మంటతో కాల్చొద్దు. పెయింట్ రిమూవర్ రాసి, పొంగాక గీకండి. కిటికీలన్నీ తీసి ఉంచండి, చేతులకు రబ్బరు గ్లవ్స్, ముక్కుకు రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోండి. మామూలు గుడ్డ మాస్కు ఇక్కడ చాలదు. గర్భిణులు, పిల్లలు ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. కడ్డీల వంపుల్లో మిగిలినదాన్ని వడ్రంగులు గాజుముక్క అంచుతో గీకుతారు, చెక్క దెబ్బతినదు.

రంగు పూర్తిగా పోయాక 80, 120, 180 నంబర్ల ఉప్పు కాగితం వరసగా, చార వెంటే. ఒక నంబరు దాటేశారా, అడ్డగీతలు పాలిష్ వేశాకే బయటపడతాయి. మేకు గుంటలకు రంపపు పొడిని ఫెవికాల్‌తో కలిపి పూడ్చడం మన దగ్గర అలవాటు, కానీ జిగురు పట్టిన చోట రంగు ఇంకదు, మచ్చగా తేలుతుంది. అదే పొడిని వుడ్ సీలర్‌తో కలపండి.

మెట్లకు చపడా (లక్క) పాలిష్ వద్దు, తడి కాలికి తెల్లమచ్చ పడుతుంది. రెయిలింగుకు అది చాలు, కావాలంటే వేయించుకోండి. మెట్లకు మాత్రం రెండు డబ్బాలుగా వచ్చి, వేసే ముందు కలుపుకునే పీయూ (పాలీయురేథేన్) పాలిష్, అదీ మెరుపు లేని మ్యాట్ రకం. గ్లాసీ మెరుస్తుంది గానీ మేజోళ్లతో దిగేవాళ్లు జారిపడతారు. డబ్బా మీద రాసిన పాళ్లలోనే, గంటలో అయిపోయేంత మాత్రమే కలపండి. ఒక సీలర్, మూడు పల్చటి కోట్లు, మధ్యలో 320 నంబరు కాగితం. లీటరు ఒక కోటుకి సుమారు 90 చదరపు అడుగులు వస్తుంది. మీ పదిహేను మెట్లూ, నిలువు పలకలూ మూడడుగుల వెడల్పున్నవైతే 70 చదరపు అడుగుల దాకా ఉంటాయి, కాబట్టి మూడు కోట్లకు రెండున్నర లీటర్ల పీయూ తెచ్చుకోండి. ముసురు రోజుల్లో మొదలుపెట్టకండి, తేమకు బుడగలు లేస్తాయి.

మేడ మీద మనుషులుంటే ఒక మెట్టు వదిలి ఒక మెట్టు వేయండి. ఆరాక మిగతావి. ఏది తడిదో తెలిసేలా దాని ముందు నిలువు పలకకు రంగు టేపు అంటించండి, రాత్రి లైటు ఆర్పకండి.