అన్నయ్యను మంచివాణ్ణి చెయ్యకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

'ఫ్రాంకెన్‌స్టైన్' నవల చదువుతుంటే, ఒక వికృత జీవికి ప్రాణం పోసి వదిలేసిన విక్టర్ మీద ఒళ్ళు మండి, పుస్తకం మూసి పక్కన పడేశానని రాశావు. నాకు సంతోషం వేసింది. ఆ మంట నాకూ తెలుసు. కానీ అదే ఊపులో, నీ నవలలో అన్నయ్యను కాస్త మంచివాడిగా మారుస్తానన్నావు. ఈ ఉత్తరం అందుకే.

నాకైతే వాళ్ళింటి పనిపిల్ల జస్టిన్ మీద జరిగిన హత్య విచారణ దగ్గర కంపరం పుట్టింది. చనిపోయిన పిల్లవాడి, అంటే విక్టర్ తమ్ముడి మెడలో ఉండాల్సిన లాకెట్ ఆ పనిపిల్ల జేబులో దొరికింది. చంపింది తను చేసిన ఆ జీవేనని విక్టర్‌కు తెలుసు. అయినా అసలు మాట చెప్పడు, చెబితే పిచ్చివాడనుకుంటారని. పైగా ఆమె బాధ తన బాధకు సాటిరాదంటాడు. ఏ తప్పూ చెయ్యలేదన్న ధైర్యమైనా ఆమెకు ఉందట, తనను మాత్రం పశ్చాత్తాపం కోరలతో చీలుస్తోందట. ఉరి ఎవరికమ్మా పడేది? ఆ పిల్లకు!

1816లో ఈ నవల మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి 18 ఏళ్ళు. నీకన్నా చిన్నది. విక్టర్‌ను ఎక్కడా వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. వాణ్ణి మాట్లాడనిచ్చి, పక్కనే జస్టిన్‌ను చూపించింది. జైల్లో తనను చూడవచ్చిన, విక్టర్ పెళ్ళాడబోయే ఎలిజబెత్‌ను, రేపు ఉరికంబం ఎక్కబోయే ఆ పిల్లే ఓదారుస్తుంది. అప్పుడు విక్టర్ ఎక్కడున్నాడో గమనించావా? గది మూలకు పోయి, తన బాధ ఎవరికీ కనపడకుండా దాచుకుంటున్నాడు. నీకు కోపం తెప్పించింది ఆ మూలే. తర్వాత నడిమధ్యన కొన్ని అధ్యాయాలు ఏకంగా ఆ వికృత జీవి నోటికే ఇచ్చేసింది. విక్టర్ మాత్రం మారడు. చావబోతూ కూడా, తన నడతలో తప్పేమీ కనపడలేదనే అంటాడు.

ఇక నీ నవల. చెల్లెలి గొలుసు తాకట్టు పెట్టించి ఆ డబ్బంతా పోగొట్టిన మనిషిని మూడో అధ్యాయంలో గుడి మెట్ల మీద కూర్చోబెట్టి ఏడిపించావు, చదివేవాళ్ళు జాలిపడాలని. ఆ సీను కొట్టెయ్. నాకు చెల్లెలు కావాలి. ఇన్ని పేజీల్లో ఆమె మాట్లాడింది రెండే ముక్కలు, రెండూ "సరే అన్నయ్యా" అనే. బ్యాంకు కౌంటర్ ముందు గొలుసు తీసేటప్పుడు కొక్కెం వెంటనే ఊడి వచ్చిందా? ఉత్త మెడతో ఇంటికెళితే వాళ్ళత్తగారు ఏమడిగింది? ఈమె ఏం చెప్పింది?

ముందు అది రాసి పంపు. అన్నయ్య సంగతి తర్వాత చూద్దాం.