వెబ్ డెవలపర్ కావాలనుకునే అమ్మాయికి ప్రోగ్రామింగ్ కమ్యూనిటీ కాలక్షేపమా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. వెబ్ డెవలపర్ కావాలన్నది తన కోరిక. ఒక ప్రోగ్రామింగ్ కమ్యూనిటీలో చేరి రోజూ రాత్రి అక్కడి వార్తలు, ఇంటర్న్‌షిప్ ప్రకటనలు చదువుతూ కూర్చుంటోంది. హైదరాబాద్‌లో 60,000 రూపాయలు కట్టి ఫుల్‌స్టాక్ కోర్సులో (వెబ్‌సైటులో కంటికి కనిపించే భాగం, వెనుక నడిచే భాగం రెండూ నేర్పేది) చేరితే ఉద్యోగం ఖాయమని బంధువులు చెబుతున్నారు. తను మాత్రం అక్కర్లేదంటోంది. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, నరసరావుపేట)

జవాబు: మీ అమ్మాయి అక్కడ గడిపే సమయం వృథా అని నేను అనను. అయితే ఆ సమయంలో ఆమె ఏం చేస్తోందో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ప్రకటనలు పోగుచేసుకుని గడువు తేదీలు రాసిపెట్టుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏదైనా ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి సవరణలు పంపగలిగే ప్రాజెక్టులో, కుదురుకుని, తాను రాసిన కోడ్‌ను అనుభవజ్ఞుల చేత నలుగురి ముందు దిద్దించుకుంటే మాత్రం, ఏ కోర్సూ ఇవ్వలేని శిక్షణ ఆమెకు అక్కడే దొరుకుతుంది.

కమ్యూనిటీల్లో తరచూ కనిపించే రెండు మంచి అవకాశాలు కూడా ఈ పద్ధతిలో పనిచేసేవారికే దక్కుతాయి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాసి భృతి పొందే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం 2005లో మొదలైంది. అందులో 18 ఏళ్లు నిండిన, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైన ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. విద్యార్థులై ఉండాలన్న నిబంధనను 2022లో తొలగించారు. సాధారణంగా ఫిబ్రవరిలో, పాల్గొనే ఓపెన్ సోర్స్ సంస్థల జాబితా వస్తుంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో దరఖాస్తులు తీసుకుంటారు. అవుట్‌రీచీ అనే మరో కార్యక్రమం సాంకేతిక రంగంలో తగిన ప్రాతినిధ్యం లేనివారి కోసం, అంటే మన అమ్మాయిల వంటి వారి కోసం, ఏడాదికి రెండు విడతలుగా మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. దాని మొత్తం భృతి 7,000 డాలర్లు. రెండింటికీ దరఖాస్తు రుసుము లేదు. జాబితా వచ్చిన వారంలో హడావుడిగా ప్రాజెక్టు వెతుక్కున్నవారికంటే, అంతకు కొన్ని నెలల ముందు నుంచే అక్కడ చిన్న పనులు చేస్తున్నవారిని మెంటర్లు (దారి చూపే అనుభవజ్ఞులు) సులభంగా గుర్తుపడతారు.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నేను ఇచ్చే మొదటి సూచన మీడియావికీ. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ అదే. దానిని పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ భాషలలో రాస్తారు. కొత్తవారికి తగిన పనులను 'గుడ్ ఫస్ట్ టాస్క్' అన్న గుర్తుతో విడిగా పెడతారు. తెలుగు చదవడం వచ్చిన డెవలపర్‌కు ఇటువంటి బహుభాషా ప్రాజెక్టులలో ఒక సహజమైన బలం ఉంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో బటన్ ఎత్తు బిగించేస్తే మన ఒత్తులు అడుగున తెగిపోతాయి. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒకే అక్షరం, జావాస్క్రిప్ట్ పొడవు లెక్కలో మాత్రం అది ఆరు. అందువల్ల పేరుకు ఇన్ని అక్షరాలే ఉండాలని పరిమితి పెట్టిన ఫారంలో తెలుగు పేరు మధ్యలోనే ఆగిపోవచ్చు. ఇటువంటి లోపాన్ని పట్టుకుని, ఏ బ్రౌజర్‌లో ఎలా కనిపిస్తోందో స్క్రీన్‌షాట్‌తో వివరించి, సవరణ పంపి, పరిశీలకుడు అడిగిన మార్పులు ఓపికగా చేసి ఆమోదం పొందిందంటే, ఇంటర్వ్యూలో అరగంటసేపు సాధికారంగా మాట్లాడగలిగే విషయం ఆమె చేతిలో ఉన్నట్టే.

సంఖ్య కోసం మాత్రం పని చేయవద్దని చెప్పండి. ఓపెన్ సోర్స్‌కు సవరణలు పంపమని ప్రోత్సహిస్తూ ఏటా అక్టోబరులో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో టీషర్టు కోసం ఒకటి రెండు మాటలు మార్చి పంపిన సవరణలు ప్రాజెక్టులను ముంచెత్తాయి. నిర్వాహకులు విసిగిపోయారు, ఇష్టపడిన ప్రాజెక్టులే పాల్గొనేలా నిబంధనలు మార్చవలసి వచ్చింది. ఇటువంటి ప్రాజెక్టులకు ఎవరు ఏం పంపారన్న చరిత్ర చెరగదు, ఎవరైనా తెరిచి చూడవచ్చు.

ఇక వార్తల సంగతి. వాటిని చదవడం మాననక్కర్లేదు, చదివినదాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి. ఉదాహరణకు, రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ)తో కొత్త అప్లికేషన్లు మొదలుపెట్టడానికి క్రియేట్ రియాక్ట్ యాప్ అనే సాధనాన్ని వాడవద్దని రియాక్ట్ బృందం 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. మీ బంధువులు చెప్పిన కోర్సు పాఠ్యక్రమం ఇప్పటికీ దానితోనే మొదలవుతుంటే, ఆ పాఠాలను చాలాకాలంగా ఎవరూ సవరించలేదని అర్థం. అలాగే 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో యాక్సెసిబిలిటీ చట్టం అమలులోకి వచ్చింది. అక్కడి వినియోగదారులకు సేవలందించే ఆన్‌లైన్ దుకాణాలు, బ్యాంకుల వంటివి దృష్టి లోపం ఉన్నవారికి కూడా పనికొచ్చేలా ఉండాలి. యూరప్ ఖాతాదారులకు పనిచేసే కంపెనీలు మన దగ్గరా ఉన్నాయి కనుక, కీబోర్డుతోనే పేజీ అంతా నడిచేలా, స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలను బయటకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) సరిగా చదివేలా రాయడం ఇప్పుడే నేర్చుకోవడం మంచిది. సాదా పేజీలను ఏఐ సాధనాలు నిమిషాల్లో రాసిపెడుతున్న రోజుల్లో, ఆ కోడ్‌లో తప్పు ఎక్కడుందో చెప్పగలిగే ఇటువంటి జ్ఞానానికే విలువ ఎక్కువ.

ఒక విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. ఇంటర్న్‌షిప్ పేరుతో ముందుగా డబ్బు అడిగితే, అది ఎంత చిన్న మొత్తమైనా కట్టవద్దు. ఇంకొక మోసం డెవలపర్లకే ప్రత్యేకం: రిక్రూటర్‌నని పరిచయం చేసుకుని, పరీక్ష అంటూ ఒక ప్రాజెక్టు పంపి, కంప్యూటర్‌లో నడిపి చూపమంటారు, అందులో దాగిన ప్రోగ్రామ్ పాస్‌వర్డులను దొంగిలిస్తుంది. 2023 నుంచి ఇటువంటి ఉదంతాలు పదేపదే బయటపడుతున్నాయి. తెలియనివారు పంపిన కోడ్‌ను ఇంట్లోని కంప్యూటర్‌లో నడపకూడదు.

కోర్సు విషయానికి వస్తే, ఉద్యోగ హామీని చూసి 60,000 కట్టవద్దన్నదే నా సలహా. ఫ్రీకోడ్‌క్యాంప్, ఎండీఎన్ వంటి వెబ్‌సైట్లలో పాఠాలు ఉచితంగా ఉన్నాయి, మీ అమ్మాయికి తనంతట తాను చదివే అలవాటూ ఉంది. ఒకవేళ ఆరు నెలలైనా ఒక్క సవరణ కూడా పంపలేకపోతే, ఎదురుగా కూర్చుని చెప్పే గురువు అవసరమని గుర్తించి అప్పుడు చేర్పించండి. చేర్పించే ముందు ఆమెను ఒకటి రెండు తరగతులు విననివ్వండి. ఈలోగా కాలేజీ చదువును తగ్గించనివ్వకండి. క్యాంపస్ ఎంపికలకు వచ్చే చాలా కంపెనీలు మార్కుల కటాఫ్ పెడతాయి, బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారిని పరీక్షకే కూర్చోనివ్వవు. రాత్రి రెండు గంటలు కమ్యూనిటీకి కేటాయిస్తే, అందులో వార్తలకు పావుగంట చాలు.