తిప్పతీగ కషాయం వల్ల లివర్ పాడవుతుందా?

అందరికీ కాదు గానీ, కొందరికి తిప్పతీగ కషాయం వల్ల లివర్ దెబ్బతింటుంది. బెంగళూరులో అమృతబళ్ళి అని పిలిచే తీగ ఇదే. ఇది రోగనిరోధక వ్యవస్థను ఎగదోస్తుంది. ఆటోఇమ్యూన్ తత్వం ఉన్నవాళ్లలో ఆ వ్యవస్థ దారితప్పి, సొంత లివర్ కణాలనే పరాయివనుకుని దాడి చేస్తుంది. ముంబై డాక్టర్లు 2021లో ఇలాంటి 6 కేసులు వెల్లడించారు. వాళ్లలో కొందరికి ముందునుంచే, ఆటోఇమ్యూన్ తత్వంతో తరచూ ముడిపడి ఉండే థైరాయిడ్ సమస్య ఉంది. కళ్లు పచ్చబడి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంటే కషాయం ఆపి వెంటనే డాక్టర్‌ను కలవాలి, లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించాలి. కషాయం ఆపాక చాలామంది కోలుకుంటారు, కొందరికి స్టెరాయిడ్లు అవసరమవుతాయి. "ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిది" అనుకోవడమే అసలు పొరపాటు. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో చిక్కంతా అదుపుతప్పిన ఇమ్యూనిటీతోనే. తీగను పెరట్లోంచి కోసుకొచ్చినంత మాత్రాన ఈ ముప్పు పోదు.