అటక మీది వీడియో గేముకు కరెంటు ఇచ్చే ముందు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవించి వ్రాయునది.

మీ అవ్వగారింటి అటక మీద దొరికిన పాత వీడియో గేమ్ పెట్టె ఫొటోలు అందాయి. దాన్ని ఈ రాత్రికే టీవీకి తగిలించి ఆడాలన్న నీ ఆత్రం తెలుస్తూనే ఉంది గానీ, ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు దానికి కరెంటు ఇవ్వవద్దు. గాంధీ రోడ్డు పక్క సందులో ఇన్నేళ్ళూ టీవీలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసి బ్రతికినవాణ్ణి కనుక చెబుతున్నాను: నా బల్ల మీదికి వచ్చిన ఇటువంటి పెట్టెల్లో వయసు మీరి చెడినవి తక్కువ, ఏదో ఒక అడాప్టర్ దొరికింది కదా అని తగిలించగా కాలిపోయినవి ఎక్కువ.

ముందు నీ దగ్గరున్నది ఏమిటో తెలుసుకో. నింటెండో సంస్థ 1983 జూలైలో జపానులో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. తొంభైలలో మన ఊళ్ళలో పిల్లలు ఆడుకున్నవి చాలావరకు దాని నకళ్ళే. అది నకలు కావడం నామోషీ ఏమీ కాదు, మన పిల్లలకు మారియో, కాంట్రా ఆటలను పరిచయం చేసినవి అవే. పెట్టెలో గుచ్చే ఆట క్యాసెట్ అడుగున మెరిసే పిన్నులను లెక్కపెట్టు. రెండు వైపులా కలిపి 60 ఉంటే అది ఫ్యామికామ్ తరహా, 72 ఉంటే అదే యంత్రానికి అమెరికాలో అమ్మిన తరహా. ఇకమీదట క్యాసెట్లు కొనేటప్పుడు బొమ్మను చూసి గాక ఈ లెక్కను చూసి కొను, ఎందుకంటే ఒకదాని క్యాసెట్ మరొకదానిలో నేరుగా దిగదు.

ఇక అడాప్టర్ సంగతి. పెట్టె వెనక అడాప్టర్ గుచ్చే రంధ్రం పక్కన ఎన్ని వోల్టులో, ప్లస్సు నడిమి పిన్నుకా, చుట్టూ ఉన్న రేకుకా అన్నది చిన్న గుర్తుగా అచ్చువేసి ఉంటుంది. అసలు ఫ్యామికామ్‌కు నడిమి పిన్ను మైనస్సు. నకళ్ళలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పెట్టారు. ప్లస్సు, మైనస్సు తారుమారైతే, రక్షణగా డయోడు (కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చే ముక్క) లేని పెట్టెలో చిప్పు క్షణాల్లో పోతుంది. లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ 9 వోల్టులను 5 వోల్టులకు దించుతుంది కాబట్టి వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుందేమో గాని, దిశ తప్పితే ఓర్చుకోదు. అందువల్ల తగిలించే ముందే వోల్టులు కొలిచే మల్టీమీటరుతో అడాప్టర్ కొనను కొలిచి చూడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాత అడాప్టర్ అయితే, 9 వోల్టులని రాసి ఉన్నా దేనికీ తగిలించనప్పుడు 12, 13 చూపిస్తుంది. అది లోపం కాదు, కంగారుపడకు.

పెట్టె విప్పినప్పుడు బోర్డు మీద వేర్వేరు చిప్పులు కనిపిస్తే అదృష్టవంతుడివి, పోయినదాన్ని మార్చుకోవచ్చు. అలా కాక నల్లటి ఎపాక్సీ (గట్టిపడిన జిగురు) ముద్ద ఒకటి బొట్టులా కనిపిస్తే, యంత్రమంతా ఆ బొట్టు కిందే ఉన్నట్టు. అది పోతే ఎవరూ బాగుచేయలేరు. కెపాసిటర్ల (బోర్డు మీది, కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బీల) తలలు ఉబ్బి ఉంటే అదే మైక్రోఫారడ్ విలువ ఉన్నవీ, వోల్టేజీలో సమానమో ఎక్కువో ఉన్నవీ వేయాలి.

క్యాసెట్ పలకకపోతే నోటితో ఊదడం మన తరమంతా చేసిన పనే. ఊదాక ఆట వచ్చేది ఊపిరి మహిమ వల్ల కాదు, తీసి మళ్ళీ గుచ్చడం వల్ల. ఊపిరిలోని తేమ మాత్రం ఆ పిన్నులకు నెమ్మదిగా చిలుము పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ తడిపి పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి గుచ్చు. గరుకు కాగితంతో మాత్రం రుద్దకు, పైనున్న సన్నని పూత లేచిపోతుంది. చేత పట్టుకుని ఆడే రిమోట్ బటన్లు పలకకపోతే దాన్ని విప్పి, రబ్బరు కింది నల్లటి కార్బన్ బిళ్ళలను అదే విధంగా మెల్లగా తుడువు.

తుపాకీతో బాతులను కొట్టే ఆట మీ కొత్త టీవీలో పనిచేయదు, దానికి తుపాకీని తిట్టవద్దు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లని చదరం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును అదే క్షణంలో చూడాలి. కొత్త టీవీలు బొమ్మను ఆలస్యంగా చూపిస్తాయి, పైగా ఆ కన్ను పిక్చర్ ట్యూబు వెలుగును పట్టేలా చేసినది. కనుక ఆ ఆట కావాలంటే డబ్బా టీవీ ఒకటి సంపాదించు. సంపాదించినా దాని వెనక మూత మాత్రం విప్పకు. ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి, స్విచ్ కట్టేసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. మిగిలిన ఆటలకు మీ టీవీ చాలు. అందులో గేమ్ మోడ్ అనే సెట్టింగ్ ఉంటే పెట్టుకో, ఆలస్యం కాస్త తగ్గుతుంది.

దాచే విషయంలో మన ప్రాంతపు వాతావరణమే పెద్ద శత్రువు. ఎండాకాలంలో స్లాబు కింది అటక నిప్పుల గూడే. నవంబరు వానల్లో గోడలన్నీ చెమ్మ. ఫొటోలో చూశాను, రిమోట్ వైరును పెట్టె చుట్టూ గట్టిగా చుట్టి ఉంది, వెంటనే విప్పు. వైరు పైతొడుగును మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం వేడికి బయటికి ఊరి, అది తగిలిన ప్లాస్టిక్‌ను కరిగించి గాడి పడేలా చేస్తుంది. ఆ గాడిని పూడ్చడం ఎవరి తరమూ కాదు. చీరల మధ్య వేసినట్టు కలరా ఉండలు వేయవద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. వైరును వదులుగా చుట్టి వేరే సంచిలో ఉంచి, పెట్టెను చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, అటక మీద కాకుండా బీరువా కింది అరలో దాచండి.

ఇంకా క్యాసెట్లు కొనాలనుకుంటున్నావని రాశావు. 9999999 ఆటలు అని అట్ట మీద రాసినదానికి అధిక ధర పెట్టకు. అందులో కొద్ది ఆటలనే పేర్లు మార్చి, మొదలయ్యే మెట్టు మార్చి తిరగేసి ఉంటారు. అయినా అటువంటిది ఒకటి నీ దగ్గర ఉండాలనే అంటాను, ఆ కాలపు గడుసుదనానికి అదే మంచి గుర్తు. అమ్మేవాడు ఆట నడుస్తున్న వీడియో చూపించకపోతే కొనకు. కాంట్రా దొరికితే మొదట ఆట పేరు కనిపించే తెర మీద పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తరువాత బీ, ఏ నొక్కి స్టార్ట్ కొట్టు. 30 ప్రాణాలు వస్తాయి.

వచ్చే ఆదివారం చిత్తూరు నుంచి బస్సెక్కి ఇక్కడికి రా. పెట్టెనూ, ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నిటినీ పాత తువ్వాలులో చుట్టి తీసుకురా, క్యాసెట్లను విడిగా వేరే సంచిలో పెట్టు. మల్టీమీటరు నా దగ్గర ఉంది. డబ్బా టీవీ కూడా దుకాణంలో ఒకటి నడుస్తూనే ఉంది.

ఇట్లు,
మీ మామయ్య