పెరట్లో చిన్న ఇల్లు కడితే పర్యావరణ సమీక్ష కావాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఉండటానికి బ్యాక్‌యార్డ్‌లో రెండు బెడ్‌రూముల ఏడీయూ (అసలింటి స్థలంలోనే కట్టే రెండో చిన్న ఇల్లు) విడిగా కట్టాలనుకుంటున్నాం. వెనకింటాయన "సీక్వా (కాలిఫోర్నియా పర్యావరణ సమీక్ష చట్టం) కింద ఎన్విరాన్‌మెంటల్ రివ్యూ చేయించకుండా పునాది తవ్వితే కోర్టుకెళ్తా" అంటున్నారు. మా డిజైనరేమో ఎలాగూ కడుతున్నారు కదా, వేరియన్స్ (నియమం నుంచి మినహాయింపు) అడిగి 1,350 చదరపు అడుగులు వేసుకోండి అంటున్నారు. స్థలంలో ఒక పెద్ద ఓక్ చెట్టు కూడా ఉంది. లాయర్ గారూ, ఈ రివ్యూ నిజంగా అవసరమా? ఆయన కేసు వేస్తే మా పని ఆగిపోతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: రాష్ట్ర ఏడీయూ చట్టం చెప్పిన కొలతల్లో కట్టుకుంటే మీకు సీక్వా రివ్యూ అక్కర్లేదు. వేరియన్స్ జోలికి వెళ్తే మాత్రం వెనకింటాయనకు ఇప్పుడు లేని అవకాశాన్ని మీరే ఇచ్చినవారవుతారు. నా దృష్టిలో మీరు ఎక్కువగా భయపడాల్సింది ఆయన బెదిరింపుకి కాదు, డిజైనర్ సలహాకి.

ఆయన మాట పూర్తిగా గాలిమాటేమీ కాదు. మన ఊళ్లలో ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్ అంటే 20,000 చదరపు మీటర్లు దాటిన పెద్ద పెద్ద కట్టడాల గొడవ. సొంతింటి వాళ్లకి ఆ పేరే వినబడదు. కాలిఫోర్నియాలో అలా కాదు. కాలిఫోర్నియా ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ యాక్ట్, అంటే సీక్వా మీద 1970లో అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకం చేశారు. అది ప్రభుత్వం చేపట్టే పనులకే వర్తిస్తుందని మొదట్లో చాలామంది అనుకున్నారు. 1972లో ఫ్రెండ్స్ ఆఫ్ మామత్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రభుత్వ అనుమతి అవసరమైన ప్రైవేటు కట్టడాలకూ వర్తిస్తుందని తేల్చింది. అప్పటినుంచి పక్కింటి కట్టడం నచ్చనివాళ్ల చేతిలో సీక్వా ఒక ఆయుధమైంది. పిట్టల మీద ప్రేమతో వేసిన కేసులూ ఉన్నాయి, తన కిటికీలోంచి కనిపించే కొండ మరుగవుతుందని వేసిన కేసులూ ఉన్నాయి.

అయితే ఆ చట్టంలోనే ఒక గీత ఉంది. అధికారి తన విచక్షణతో ఇవ్వాలో వద్దో నిర్ణయించే అనుమతులకే సీక్వా వర్తిస్తుంది. నియమాలు సరిపోయాయా లేదా చూసి, సరిపోతే ఇచ్చితీరాల్సిన అనుమతులకు వర్తించదు. వీటిని మినిస్టీరియల్ అనుమతులంటారు. పబ్లిక్ రిసోర్సెస్ కోడ్ సెక్షన్ 21080 వీటిని సీక్వా నుంచి పూర్తిగా బయట పెట్టింది. సీక్వా గైడ్‌లైన్స్ (ఆ చట్టం అమలుకు రాష్ట్రం రాసిన నియమాలు) వీటికి ఇచ్చే ఉదాహరణలు చూడండి: బండి రిజిస్ట్రేషన్, పెళ్లి లైసెన్సు, కుక్క లైసెన్సు. పెళ్లి లైసెన్సు ఇచ్చే గుమాస్తా మీ జాతకాలు కలిశాయా అని అడగడు కదా. ఏడీయూ పర్మిట్‌నీ చట్టం ఆ వరసలోనే కూర్చోబెట్టింది.

ఇది నిన్నమొన్నటి మాట కాదు. ఏడీయూ దరఖాస్తుల్ని హియరింగ్ లేకుండా, విచక్షణ లేకుండా పరిశీలించాలన్న నియమం 2003 జులై నుంచే ఉంది. కాకపోతే నగరాలు పార్కింగ్ అనీ, స్థలం చాలదనీ రకరకాల మెలికలు పెట్టేవి. 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఆ మెలికల్లో చాలావాటిని తీసేశాయి. ఇప్పుడీ నియమాలన్నీ గవర్నమెంట్ కోడ్‌లో 66310 నుంచి 66342 వరకు ఉన్నాయి. పూర్తి దరఖాస్తు అందాక 60 రోజుల్లోగా నగరం అవుననో కాదనో తేల్చాలి. తేల్చకపోతే ఆమోదించినట్టే లెక్క. కాదంటే ఏయే లోపాలున్నాయో, ఎలా సరిదిద్దుకోవాలో రాసి ఇవ్వాలి. ఈ దారిలో పొరుగువాళ్లు వచ్చి మాట్లాడే హియరింగే ఉండదు.

ఇక మీ ఇంటి కొలతల సంగతి. విడిగా కట్టే ఏడీయూ 800 చదరపు అడుగుల లోపు ఉండి, పక్కల, వెనక 4 అడుగుల చొప్పున వదిలి, ఎత్తు 16 అడుగులు దాటకపోతే దాన్ని కాదనడానికి నగరానికి దాదాపు దారి లేదు. లాట్ కవరేజ్ (స్థలంలో ఎంత భాగం మీద కట్టొచ్చన్న పరిమితి), ముందు సెట్‌బ్యాక్ (వీధి వైపు వదలాల్సిన ఖాళీ) లాంటి స్థానిక నియమాలు కూడా దాన్ని అడ్డుకోలేవు. పెద్ద ట్రాన్సిట్ స్టాప్‌కి అర మైలు లోపల ఉంటే ఎత్తు 18 అడుగుల దాకా వెళ్లొచ్చు. మీ ఇల్లు బార్ట్ రైలు స్టేషన్‌కి దగ్గరైతే ఇది చూసుకోండి. 800 దాటినా ఫరవాలేదు, నగరం ఆర్డినెన్స్ ఒప్పుకున్న పరిమితి లోపల ఉంటే అదీ మినిస్టీరియలే. రెండు బెడ్‌రూములుంటే ఆ పరిమితిని 1,000 చదరపు అడుగుల కంటే తక్కువ పెట్టే వీల్లేదు. విడి ఏడీయూకి రాష్ట్ర చట్టంలో కనిపించే పై అంకె 1,200.

నన్నడిగితే 750కి లోపలే ఆపమంటాను. ఆ లోపు ఉంటే నగరం ఇంపాక్ట్ ఫీజు (కొత్త కట్టడం వల్ల ఊరి సదుపాయాల మీద పడే భారానికి వేసే రుసుము) వసూలు చేయకూడదు; 750 దాటితే అసలింటి విస్తీర్ణంతో పోల్చి దామాషాలో వేస్తారు. స్కూల్ డిస్ట్రిక్ట్ ఫీజు వేరు, దాని లెక్క 500 దగ్గరే మొదలవుతుంది. అమ్మానాన్నలకి రెండు గదులు, ఒక బాత్‌రూమ్, చిన్న వంటిల్లు ఈ విస్తీర్ణంలో హాయిగా ఇముడుతాయి.

మరి 1,350 సంగతేమిటి? వేరియన్స్ అంటేనే మామూలు నియమం నుంచి మాకు మినహాయింపు ఇవ్వండి అని అడగడం. ఇవ్వాలా వద్దా అన్నది నగరం ఇష్టం. అంటే విచక్షణ వచ్చింది, దాని వెనకే సీక్వా వచ్చింది. ఒక ప్రాజెక్టులో కొంత మినిస్టీరియల్, కొంత విచక్షణ కలిసి ఉంటే మొత్తాన్నీ విచక్షణ కిందే చూడాలని గైడ్‌లైన్స్ స్పష్టంగా చెబుతున్నాయి. 1,200 పైన ఆ అదనపు 150 అడుగుల కోసం ఇల్లంతా సీక్వా కిందికి వెళ్తుంది.

అప్పుడు కూడా దారి మూసుకుపోదు. క్లాస్ 3 అనే మినహాయింపు ఉంది, గైడ్‌లైన్స్ సెక్షన్ 15303. నివాస ప్రాంతంలో ఒక ఇల్లు లేదా రెండో చిన్న ఇల్లు కట్టడం దాని కిందికి వస్తుంది కాబట్టి పెద్ద రిపోర్టులు రాయించే పని సాధారణంగా పడదు. కానీ ఈ మినహాయింపుకి మళ్లీ మినహాయింపులున్నాయి: చారిత్రక కట్టడానికి హాని, ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉన్న స్థలం, అసాధారణ పరిస్థితులు వగైరా. అవతలి లాయరు పట్టుకునేది ఆ చివరిదాన్నే. బర్క్‌లీ కొండల్లో సుమారు 6,500 చదరపు అడుగుల ఇల్లు, దానికి తోడు పది కార్ల గరాజ్ కట్టుకోవడానికి 2010లో నగరం క్లాస్ 3 లాంటి మినహాయింపుల కింద అనుమతి ఇచ్చింది. పొరుగువాళ్లు కోర్టుకెళ్లారు. ప్రాజెక్టు పెద్దది కాబట్టి ప్రభావం ఉండొచ్చు అంటే చాలదు, పరిస్థితి అసాధారణమని కూడా చూపాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. నగరం వాదనే నెగ్గింది. కానీ మధ్యలో ఐదేళ్లు గడిచిపోయాయి. మీ నాన్నగారి వయసెంతో మీరు రాయలేదు. ఐదేళ్లు ఆగగలరా అన్నది మీరే ఆలోచించుకోండి.

ఎలాగైనా పెద్దదే కట్టాలనుకుంటే ఒక జాగ్రత్త చెబుతాను. అనుమతి వచ్చిన వెంటనే నోటీస్ ఆఫ్ ఎగ్జెంప్షన్‌ని (ఈ పనికి సీక్వా నుంచి మినహాయింపు ఉందని చెప్పే నోటీసుని) కౌంటీ క్లర్క్ దగ్గర ఫైల్ చేయమని నగరాన్ని అడగండి. చేస్తే సీక్వా కేసు వేయడానికి 35 రోజులే గడువు. చేయకపోతే 180 రోజులు.

చెట్టు విషయం విడిగా చూడాలి. సీక్వా లేదంటే పర్యావరణ చట్టాలేవీ లేవని కాదు. బే ఏరియాలో చాలా నగరాల్లో పెద్ద చెట్టు కొట్టాలంటే వేరే పర్మిట్ ఉంటుంది. కొన్నిచోట్ల అది అధికారి విచక్షణ మీద ఆధారపడుతుంది. చెట్టుని వంక పెట్టుకుని 800 అడుగుల ఇంటిని పూర్తిగా ఆపడం నగరానికి కష్టమే. అయినా ప్లాన్ కాస్త జరిపితే చెట్టు మిగులుతుందేమో ముందు చూడండి, అసలు ఆ చర్చే రాకుండా పోతుంది. కొట్టక తప్పకపోతే పిట్టలు గూళ్లు పెట్టే కాలంలో, అంటే సుమారుగా ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా, ఆ పని పెట్టుకోకండి. గుడ్లున్న గూడు పాడు చేయడం రాష్ట్ర చట్టం కిందా, వలస పక్షుల ఫెడరల్ చట్టం కిందా నేరం కావచ్చు. వెనకింటాయన ఫోన్ పట్టుకుని ఎదురుచూసేది సరిగ్గా ఇలాంటి రోజు కోసమే.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉన్నా భయపడనక్కర్లేదు. ఏడీయూని నిషేధించే లేదా అసమంజసంగా కట్టడి చేసే హెచ్‌ఓఏ నిబంధనలు సివిల్ కోడ్ 4751 కింద చెల్లవు. శాంతాక్రూజ్ లాంటి తీరప్రాంతాల్లో ఉన్న పాఠకులు మాత్రం నా జవాబుని తమకి అన్వయించుకోవద్దు. అక్కడ కోస్టల్ యాక్ట్ అనుమతి అదనంగా కావాలి, దాని లెక్కలు వేరు.

ఇక కేసు సంగతి. కేసు వేయకుండా ఎవర్నీ ఆపలేం. ఆయన వేస్తే అసలు ప్రతివాది నగరం. మీ పేరు కూడా చేరుస్తారు. మినిస్టీరియల్ పర్మిట్ మీద సీక్వా కేసు నిలబడటం చాలా కష్టం. నగరం తన నియమాలే సరిగా చూడలేదని మాత్రం ఆయన వాదించొచ్చు, అందుకే ప్లాన్‌లో కొలతలు నిక్కచ్చిగా ఉండాలి. వెనక కంచె నుంచి 4 అడుగులని రాసి మూడున్నరే వదిలితే నేనే కాదు, ఎవరూ కాపాడలేరు. కంచె సరిగ్గా మీ హద్దు మీదే ఉందని నమ్మకం లేకపోతే సర్వేయర్‌ని పిలిపించండి. కేసు వేసినంత మాత్రాన పని ఆగదు, ఆపాలంటే జడ్జి ఉత్తర్వు కావాలి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు నగరం ఇచ్చే కాగితాల్లో ఇండెమ్నిటీ ఒప్పందం ఉందేమో కూడా చూడండి. ఉంటే నగరం తరఫు లాయర్ ఖర్చులు మీ మీద పడతాయి. దాని మీద సంతకం పెట్టేముందు మీ లాయర్‌కి ఒకసారి చూపించండి.