పగడాల ట్యాంకుకు కంట్రోలర్‌లో ఏ ఫీచర్లు నిజంగా కావాలి?

పగడాలు పెంచే అక్వేరియంలో హీటర్, పంపుల్లాంటివి ఆటోమేటిక్‌గా నడిపే కంట్రోలర్ కొనేటప్పుడు, పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి), ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ సామర్థ్యం) కొలిచే ప్రోబ్‌లు అన్నీ ఉన్నదే కొనాలా అని అడిగారు. అక్కర్లేదండీ. ముందు ఉష్ణోగ్రత సంగతి చూడండి. హీటర్ థర్మోస్టాట్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే నీళ్లు 32 డిగ్రీలు దాటినా మనకు తెలియదు, పగడాలు తెల్లబడ్డాకే తెలుస్తుంది. కంట్రోలర్‌కు విడిగా ప్రోబ్ ఉంటుంది కాబట్టి 27 దాటగానే హీటర్‌కు కరెంటు ఆపేసి, ఫోన్‌కు అలర్ట్ పంపేలా పెట్టుకోవచ్చు. నా లెక్కలో ఈ ఒక్కదానికే కంట్రోలర్ కొనొచ్చు.

ఆవిరైన నీళ్లు నింపే ఏటీవోకు రెండో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టం పెరిగితే పంపును ఆపేది) తప్పనిసరి. మొదటిది ఉప్పు పేరుకుని అతుక్కుపోతే ఆర్‌ఓ నీళ్లు ఆగకుండా పడుతూనే ఉంటాయి, ఉప్పు శాతం పడిపోతుంది. లీక్ సెన్సర్ కూడా పెట్టించండి.

పీహెచ్ ప్రోబ్ కాల్షియం రియాక్టర్ (పగడాలకు కావాల్సిన కాల్షియంను నీళ్లలో కలిపే పరికరం) ఉంటేనే. లేకపోతే ఆ డబ్బుతో మంచి ఆల్కలినిటీ టెస్ట్ కిట్ కొనండి.