గోల్డ్‌వింగ్ వెనక చిన్న ట్రైలర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హోండా గోల్డ్‌వింగ్ బైకు మీద ఇద్దరం డల్లాస్ నుంచి కొలరాడో వెళ్దామనుకుంటున్నాం. టెంటు, పక్కబట్టలు, వంటసామాను పట్టే ట్రైలర్ నేనే వెల్డింగ్ చేసుకోగలను. ఎంత సైజు కట్టాలి, ఏమేం కొనాలి?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: ముందు చేదు మాట. ఈ బండి ట్రైలర్ లాగడానికి తయారుచేసింది కాదని హోండా తన మాన్యువల్‌లోనే రాసింది. అయినా ఎంతోమంది లాగుతున్నారు, హిచ్‌లు (ట్రైలర్ తగిలించడానికి బైకు వెనక బిగించే బిగింపులు) బయటి కంపెనీలవి దొరుకుతున్నాయి. మీ ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గర మాత్రం రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

కారు టాపు మీద బిగించే 15–18 ఘనపుటడుగుల పెట్టె ఒకటి చాలు. అంతకన్నా పెద్దది కడితే నింపకుండా ఉండలేరు. ఫ్రేముకు ఒకటిన్నర అంగుళాల చదరపు గొట్టం, ముందుకు సాగే నొగకు రెండంగుళాలది వాడండి. రెండింటికీ గోడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు. చక్రాలతో కలిపి ఖాళీగా 180 పౌండ్లు తూగుతుంది. సామానుతో 300 దాటనివ్వకండి.

చక్రాలు 12 అంగుళాల రిమ్మువి (4.80–12) తీసుకోండి. 8 అంగుళాలవి చవకే గానీ గంటకు 65 మైళ్ల దగ్గర నిమిషానికి 1,300 చుట్లకు పైగా తిరుగుతాయి. పెద్దవి 1,100 లోపే. బేరింగులకు అక్కడే తేడా తెలుస్తుంది. టైరు పక్కన 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి) అని ఉంటే అది పూర్తి బరువు మోసేటప్పటి లెక్క. మీ బరువుకు 20–25 చాలు, అంతకు మించితే ట్రైలర్ బంతిలా ఎగురుతుంది. వెయ్యి పౌండ్ల ట్రైలర్ల కమాను పట్టీలు తెచ్చి వేసినా అదే జరుగుతుంది. 300 పౌండ్లకు అవి ఒంగనే ఒంగవు. తక్కువ బరువుకు చేసిన రబ్బరు టార్షన్ ఇరుసులు (కమాను పట్టీల బదులు లోపలి రబ్బరే మెలితిరిగి కుదుపు మింగేవి) కొనండి.

అసలు కిటుకు ఇరుసు ఎక్కడ బిగించాలన్నది. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగుస్తుంది, ముందెక్కువైతే మెడ కుంగుతుంది. బైకుకు కావలసింది మొత్తం బరువులో పదో వంతు నొగ మీద పడటం, అంటే 300కి 30. బాల్ (హిచ్ మీద ట్రైలర్ కూర్చునే ఇనుప గుండు) నుంచి ఇరుసుకు 72 అంగుళాలుంటే, ఆ 30 పౌండ్లు రావాలంటే బరువు కేంద్రం ఇరుసుకు 7 అంగుళాలు ముందుండాలి (30×72÷300). అందుకే ఇరుసును ముందే వెల్డ్ చేసేయకండి. యూ బోల్టులతో వదులుగా పట్టించి, ప్రయాణానికి సర్దినట్టే సామానంతా సర్ది, బాత్రూం తూకం మీద చెక్కముక్క పెట్టి దానిమీద కప్లర్‌ను (నొగ కొసన బాల్ మీద కూర్చునే కప్పు) ఆనించండి. నొగ బైకుకు తగిలించినప్పుడుండే ఎత్తులోనే ఉండాలి. చెక్క బరువు తీసేయడం మరవకండి. 30 వచ్చేదాకా ఇరుసును ముందుకో వెనక్కో జరిపి అప్పుడు బిగించండి. కప్లర్ మధ్య నుంచి రెండు హబ్బులకూ (చక్రాల నడిమి భాగాలకు) దూరం టేపుతో కొలవండి. అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి తేడా ఉంటే ట్రైలర్ పక్కకు లాగుతుంది.

నొగ మీద బరువు ఎక్కువుంటే మంచిదేగా అనుకోకండి. బాల్ బైకు వెనక చక్రం ఇరుసుకు రెండడుగులు వెనక ఉంటుంది. నొగ మీద 40 పౌండ్లు పెడితే బైకు ముందు చక్రం మీద 14 పౌండ్లు తగ్గుతాయి, వెనక చక్రం మీద 54 పెరుగుతాయి. వెనక కూర్చునేవారి బరువుకు అది అదనం.

కప్లర్ గుండ్రంగా తిరిగే స్వివెల్ రకం కావాలి. మామూలుది మలుపులో బైకు బాగా వాలితే పట్టేస్తుంది, బైకు పడితే ట్రైలర్‌నూ తిప్పేస్తుంది. ట్రైలర్‌ను బైకుకు కట్టే రక్షణ గొలుసులు రెండూ నొగ కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వేయండి. కప్లర్ ఊడినా నొగ వాటిమీద పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు.

ప్రశ్న: రెండేళ్లుగా బాగానే లాగిన ట్రైలర్ ఈమధ్య 60 మైళ్ల వేగం దాటగానే తోక ఊపుతోంది. నేను చేసిన మార్పల్లా నొగ మీది ఐసు కూలర్‌ను ట్రైలర్ వెనక్కి మార్చడమే.
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: జబ్బు మీరే చెప్పారు. కూలర్ 35 పౌండ్లనుకోండి. ఇరుసుకు 50 అంగుళాలు ముందున్నది 20 అంగుళాలు వెనక్కి వెళ్లింది. 72 అంగుళాల నొగ మీద దాదాపు 34 పౌండ్లు తగ్గినట్టు. ముందు 35 ఉండి ఉంటే ఇప్పుడు మిగిలింది ఒక్కటి. ఏ ట్రైలరైనా ఊగుతుంది. కూలర్‌ను ముందుకు తెచ్చి తూకం వేసి చూడండి. దారిలో ఐసు కరిగి నీళ్లు పారబోస్తుంటే కూడా నొగ తేలికవుతుంది, కాబట్టి ఐసు సగమున్నప్పుడు తూచడం న్యాయం.

అప్పటికీ ఊగితే బాల్ చూడండి. ఒకటీ ఏడు బై ఎనిమిది (1⅞) అంగుళాల బాల్ మీద రెండంగుళాల కప్లర్ కూర్చుంటుంది, లాక్ కూడా పడుతుంది, కానీ లోపల లొటలొటలాడుతుంది. తర్వాత హబ్ బేరింగులు, బైకు వెనక టైరు గాలి. ఊపు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కొద్దు. థ్రాటిల్ మెల్లగా వదలండి, హ్యాండిల్‌తో కుస్తీ పట్టొద్దు.

పెట్రోలు పోయించుకునే ప్రతిసారీ హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేకపోతే గ్రీసు అయిపోయిందో, నట్టు అతిగా బిగిసిందో అయి ఉంటుంది. ఇంకో సంగతి: ఒంటరి బైకు ఒక్క గీత మీద పోతుంది, ఇప్పుడు మూడు గీతలు. గుంతను పక్కనుంచి తప్పించానని మీరనుకునేలోపు ట్రైలర్ చక్రం అందులో పడుతుంది. మలుపుల్లో లోపలివైపు కోసుకుపోతుంది, కాబట్టి కాస్త వెడల్పుగా తీసుకోండి. కాలిఫోర్నియా వెళ్తే ట్రైలర్ లాగేవాళ్లకు అక్కడ 55 మైళ్లే.

ప్రశ్న: బ్రేకు వేస్తే ట్రైలర్ ఇండికేటర్ ఆగిపోతోంది, బైకు డాష్‌లో తప్పు సూచన కూడా వస్తోంది.
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: అమెరికా నాలుగు తీగల ట్రైలర్లలో బ్రేకు, ఇండికేటర్ ఒకే బల్బులో వెలుగుతాయి (పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి, గోధుమ టెయిల్, తెలుపు గ్రౌండ్). బైకులో అవి వేరు వేరు. తీగలు నేరుగా కలిపితే ఇదే గొడవ. ఐదు నుంచి నాలుగు తీగలకు మార్చే కన్వర్టర్, దానికి ఐసొలేటర్ ఉన్నది కొనండి. అది బైకు తీగల నుంచి సంకేతం మాత్రమే తీసుకుని, కరెంటు ఫ్యూజు ద్వారా బ్యాటరీ నుంచి తెచ్చుకుంటుంది. దీపాలు ఎల్‌ఈడీవే పెట్టండి. గ్రౌండ్ తీగను బాల్‌కు వదిలేయకుండా విడిగా లాగండి, గ్రీసు పూసిన బాల్ మీద కరెంటు సరిగ్గా పారదు.

ప్రశ్న: ఇలాంటిది గుంటూరులో నా బుల్లెట్ 350కి కట్టుకోవచ్చా?

జవాబు: మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ కావాలి. ఇనుము కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. చట్టం సంగతి అలా ఉంచినా, 20 హార్స్‌పవర్ ఇంజను ఇద్దరినీ ట్రైలర్‌నూ ఘాట్‌రోడ్డు ఎక్కించాలంటే ముందు అరిగేది క్లచ్ ప్లేట్లు. మీకు రెండు సాడిల్ బ్యాగులు, వెనక ర్యాకు సరిపోతాయి.